పాప ముఖం వంక చూడట్లేదు... తలకు వైర్లు పెట్టే పరీక్ష చేయించాలా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. మా పాపకు ఏడో నెల నడుస్తోంది. పుట్టగానే ఏడవలేదు. ఉమ్మనీరు మింగిందని వరంగల్ తీసుకెళ్లి పన్నెండు రోజులు పెట్టెలో ఉంచారు. షుగర్ బాగా పడిపోయిందని కూడా చెప్పారు. ఇప్పుడు పాలు బాగానే తాగుతోంది, పిలిస్తే తల తిప్పుతుంది. కానీ నా ముఖం వంక చూడదు. ఎత్తుకుంటే ట్యూబ్‌లైట్ వైపో, తిరిగే ఫ్యాన్ వైపో చూస్తుంది. కంటి డాక్టర్ చుక్కలు వేసి చూసి, కళ్లు బాగానే ఉన్నాయి, వీఈపీ అనే పరీక్ష చేయించండి అని రాశారు. పసిపిల్ల తలకు కరెంటు పెట్టుడేంది అని మా ఆయన వద్దంటున్నారు. అది ఫిట్స్ వాళ్లకు చేసే పరీక్ష అని పక్కింటివాళ్లు అంటున్నారు. మా అత్తమ్మేమో, ‘మీ ఆయన కూడా చిన్నప్పుడు ఆలస్యంగనే చూసిండు, ముందు వేములవాడల పుట్టువెంట్రుకలు తీయించి తర్వాత సూద్దాం’ అంటోంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వెళ్లాను, దానివల్లే ఇలా అయిందా? ఇంకోటి, నిద్ర లేచినప్పుడు ఉలిక్కిపడ్డట్టు రెండు చేతులూ చాచి తల ముందుకు వంచుతుంది, వరుసగా ఐదారు సార్లు. గ్యాస్ అన్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే తొందరగా చూడాల్సింది అదే.

నిద్ర లేవగానే చేతులు చాచి, తల ముందుకు వంచి, ఒకటి రెండు సెకన్లు బిగుసుకుని వదిలేయడం, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ అలాగే చేయడం, ఇలా వరుసగా రావడం గ్యాస్ లక్షణం కాకపోవచ్చు. పసిపిల్లలకు వచ్చే ఒక రకం ఫిట్స్ అచ్చం ఇలాగే ఉంటాయి. డాక్టర్లు వీటిని ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అంటారు. ఫిట్స్ అనగానే మనకు నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం గుర్తొస్తాయి. వీటిలో అవేవీ ఉండవు. అందుకే ఇంట్లో వాళ్లు గ్యాస్ అనో, భయపడిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. చాలామంది పిల్లల్లో ఇవి మొదటి ఏడాదిలోనే, ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది నెలల మధ్య మొదలవుతాయి. పుట్టినప్పుడు ఊపిరి అందక ఇబ్బంది పడ్డ పిల్లల్లో, షుగర్ పడిపోయిన పిల్లల్లో వీటి గురించి మేం ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచుతాం.

మామూలు ఉలికిపాటు వేరు. గిన్నె కింద పడ్డప్పుడో, తలుపు గట్టిగా వేసినప్పుడో పిల్లలు ఒకసారి ఉలిక్కిపడి ఊరుకుంటారు. ఆ అలవాటు కూడా ఐదారు నెలలు వచ్చేసరికి తగ్గిపోతుంది. ఏ చప్పుడూ లేకుండా, నిద్ర నుంచి లేచే వేళకో, నిద్రలోకి జారుకునే వేళకో, అదే కదలిక వరుసగా వస్తే దాన్ని వదిలేయకూడదు.

ఉత్తరం చదివి ఇది అదే అని నేను తేల్చి చెప్పలేను. తేల్చాల్సింది ఈఈజీ, అంటే తల మీద వైర్లు అంటించి మెదడులో పుట్టే విద్యుత్తును రాసుకునే పరీక్ష. రేపు పొద్దున పాప లేచే వేళకు ఫోన్ దగ్గర పెట్టుకోండి. చాప మీద పడుకోబెట్టి, దుప్పటి తీసేసి, ముఖం, చేతులు, కాళ్లు అన్నీ పడేలా వీడియో తీయండి. రేపు రాకపోతే ఎల్లుండి వీడియో కోసం ఆగొద్దు. వీడియో దొరికినా దొరకకపోయినా రెండు మూడు రోజుల్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల విభాగానికి గానీ, పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి గానీ వెళ్లండి. ‘ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ ఏమో అని అనుమానంగా ఉంది, నిద్రలో ఈఈజీ తీయించాలి’ అని ఈ మాటల్లోనే చెప్పండి. నిద్రలో అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మెలకువలో కాసేపు తీసిన ఈఈజీ ఒక్కోసారి బాగానే కనిపిస్తుంది. అసలు సంగతి నిద్రలో బయటపడుతుంది.

ఒకవేళ అదే అని తేలితే భయపడి కూర్చోవద్దు. దీనికి మందులున్నాయి. ఏసీటీహెచ్ అనే ఇంజెక్షన్లో, నోటితో ఇచ్చే స్టెరాయిడ్లో, విగాబాట్రిన్ అనే మందో మీ డాక్టర్ మొదలుపెడతారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, ఇక్కడ వారాలు కూడా లెక్కే. చూపు గురించి మీరు అడిగిన ప్రశ్నకూ దీనికీ నేరుగా సంబంధం ఉంది. ఈ ఫిట్స్ నడుస్తున్నన్నాళ్లూ కొంతమంది పిల్లలు ఎదుటి ముఖాల్ని చూడడం మానేస్తారు. ఫిట్స్ అదుపులోకి వచ్చాక చూపు మెరుగుపడ్డ పిల్లలూ ఉన్నారు. అంటే మీ పాప చూడకపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి మందుతో తగ్గేది కావచ్చు. విగాబాట్రిన్ వాడాల్సి వస్తే మాత్రం కంటి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఆ మందు కొందరిలో రెటీనా, అంటే కంటి లోపలి పొర మీద ప్రభావం చూపుతుంది కాబట్టి మధ్యమధ్యలో కళ్లు చూపించుకోవాలి.

ఇప్పుడు వీఈపీ సంగతి.

మీ పక్కింటివాళ్లు చెప్పింది సగం నిజం. ఫిట్స్ వాళ్లకు చేసేది ఈఈజీ. మీ డాక్టర్ రాసింది వీఈపీ, అంటే విజువల్ ఇవోక్డ్ పొటెన్షియల్. రెండింటికీ తల మీద వైర్లు అంటిస్తారు, రెండూ మెదడులో పుట్టే విద్యుత్తునే రాసుకుంటాయి. ఈఈజీ మెదడు తనంతట తాను ఏం చేస్తోందో చూస్తుంది. వీఈపీ మాత్రం కంటికి ఒక దృశ్యం చూపించి, ఆ కబురు మెదడు వెనక భాగానికి చేరిందా, ఎంతసేపట్లో చేరింది అని చూస్తుంది. మీ పాపకు రెండూ కావాలి. ముందు ఈఈజీ, తర్వాత వీఈపీ.

మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఏడు నెలల బిడ్డ తల మీద వైర్లు చూస్తే ఏ తండ్రికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ఈ పరీక్షలో తలకు కరెంటు పెట్టరు. ఆ వైర్లలోంచి పాప తలలోకి వెళ్లేది ఏమీ లేదు. పాప మెదడులో సహజంగా పుట్టే విద్యుత్తును మిషన్ అందుకుని రాసుకుంటుంది, అంతే. సూది లేదు, ఎక్స్‌రే లేదు, నొప్పి లేదు. ఒక జర్మన్ డాక్టర్, హాన్స్ బెర్గర్, మనిషి తల మీద నుంచి ఇలా రికార్డు చేయొచ్చని 1929లోనే ప్రచురించారు. అంటే ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు. ఈ పేరా మీ ఆయనకు చదివి వినిపించండి. వీలైతే పరీక్ష రోజు ఆయన్నే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోమనండి.

గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. టెక్నీషియన్ టేపుతో పాప తల కొలుస్తారు, ముక్కు మొదలు నుంచి తల వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక దాకా. ఆ ఎముకకు కొంచెం పైన, చూపును అందుకునే మెదడు భాగం ఉన్నచోట, జెల్‌తో తుడిచి చిన్న బిళ్లలాంటి ఎలక్ట్రోడ్‌ను పేస్టుతో అంటిస్తారు. ముందు వైపు ఒకటి, ఇంకోచోట ఒకటి పెడతారు. గదిలో లైట్లు తగ్గించి, మీ ఒళ్లో కూర్చున్న పాప ఎదురుగా స్క్రీన్ మీద చదరంగం బల్లలాంటి నలుపు తెలుపు గళ్లు చూపిస్తారు. సెకనుకు రెండుసార్లు నల్ల గళ్లు తెల్లగా, తెల్ల గళ్లు నల్లగా మారుతుంటాయి. పాప చూపు స్క్రీన్ మీద నిలవాలని ఎవరో ఒకరు అక్కడే గిలక ఆడిస్తారు. పాప అసలు స్క్రీన్ వైపే చూడకపోతే వెలుగు మిణుకుమిణుకుమనిపించి ఫ్లాష్ వీఈపీ చేస్తారు. పాప సహకరిస్తే ఒక కన్ను మూసి ఒక్కో కంటికి విడిగా తీస్తారు.

ఒకే గళ్లను అన్నిసార్లు ఎందుకు చూపిస్తారని మీకు అనిపించొచ్చు. కన్ను పంపే కబురుకు మెదడు ఇచ్చే జవాబు కొన్ని మైక్రోవోల్టులే, మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. మెదడు తన సొంత పనుల మీద చేసే సద్దు దానికంటే చాలా పెద్దది. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లాడి పేరు మైకులో ఒక్కసారి పిలిస్తే ఎవరి చెవినా పడదు, అదే పేరు పదే పదే పిలిస్తే ఆ గోలలోంచి కూడా అందుతుంది కదా. మిషన్ కూడా ఒకే దృశ్యానికి వచ్చిన పదుల కొద్దీ జవాబుల్ని ఒకదాని మీద ఒకటి వేసి సగటు తీస్తుంది. సద్దు ప్రతిసారీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి సగటులో చెరిగిపోతుంది, చూపుకు వచ్చిన జవాబు మాత్రం మిగులుతుంది. పాప ఏడ్చినా, కాళ్లు కొట్టుకున్నా కండరాల విద్యుత్తు వచ్చి దాన్ని కప్పేస్తుంది. అందుకే ఓపికగా చేసే టెక్నీషియన్ దొరకడం మిషన్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

పెద్దవాళ్లలో ఆ జవాబు గళ్లు మారిన దాదాపు 100 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో పదో వంతుకు, గీతలో ఒక శిఖరంలా కనిపిస్తుంది. దాన్ని పీ100 అంటారు. పసిపిల్లల్లో ఇంకొంచెం ఆలస్యంగా వస్తుంది. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాలకు పైపొర ఇంకా కట్టుకుంటూ ఉంటుంది కాబట్టి వయసు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. కాబట్టి రిపోర్టులో ‘ఆలస్యం’ అని కనిపించగానే కంగారు పడొద్దు. ఏడు నెలల పిల్లలకు ఎంత ఉండాలో దానితో పోల్చారా, పెద్దవాళ్ల లెక్కతో పోల్చారా అని అడగండి. మరో సంగతి, గళ్లను చిన్నవి చేసుకుంటూ పోతే ఎంత సన్నటి గళ్ల దాకా జవాబు వస్తోందో చూసి, నోరు రాని పాప చూపు ఎంత నాణ్యంగా ఉందో కూడా అంచనా కట్టొచ్చు.

రిపోర్టు చేతికి వచ్చాక చాలామంది అమ్మానాన్నలు అడిగేది ఒకటే. మా పాపకు కనిపిస్తుందా, కనిపించదా? ఆ ఒక్క కాగితం మీద దీనికి జవాబు ఉండదు. వీఈపీ బాగా వచ్చిందంటే కబురు మెదడు గుమ్మం దాకా చేరిందని అర్థం. లోపలికి వెళ్లాక ఆ దృశ్యం అమ్మ ముఖమని గుర్తుపట్టడం ఇంకా ముందున్న పని, దాన్ని ఈ పరీక్ష కొలవదు. ముఖ్యంగా ఫ్లాష్ వీఈపీ బాగున్నా చూపు అంతంతమాత్రంగా ఉన్న పిల్లలు ఉన్నారు. అటువైపు, వీఈపీ సరిగా రాలేదంటే గుడ్డితనం అని తీర్పు చెప్పినట్టు కాదు. ఆ రోజు పాప ఏడ్చి ఉండొచ్చు, మత్తుగా ఉండొచ్చు, ఫిట్స్ మందుల ప్రభావం ఉండొచ్చు. నిజంగానే బలహీనంగా ఉన్నా కొన్ని నెలల తర్వాత మళ్లీ తీస్తే మెరుగుపడడం చూస్తుంటాం. ఈ రోజు గీత పక్కన ఆరు నెలల తర్వాతి గీత పెట్టి చూసినప్పుడే దీని అసలు విలువ తెలుస్తుంది. అందుకే గ్రాఫు ఉన్న కాగితాలు కూడా అడిగి తీసుకుని దాచండి. ‘నార్మల్’, ‘అబ్‌నార్మల్’ అని ఒక్క ముక్క రాసిన కాగితం సరిపోదు.

మీ పాప విషయంలో నా అనుమానం ఎటువైపు ఉందో దాచకుండా చెబుతాను. కళ్లు బాగున్నాయి, వెలుగును వెతుకుతోంది, తిరిగే ఫ్యాన్ ఆకర్షిస్తోంది, కదలకుండా ఉన్న ముఖం ఆకర్షించట్లేదు. పుట్టినప్పుడు ఊపిరికి ఇబ్బంది, పైగా షుగర్ పడిపోవడం. పుట్టిన కొత్తలో షుగర్ బాగా పడిపోతే మెదడు వెనక భాగం, అంటే చూపు భాగమే, ఎక్కువగా దెబ్బతింటుంది. ఇవన్నీ కలిపి చూస్తే కంటిలో కాకుండా మెదడులో చూపు తగ్గిన పరిస్థితిలా ఉంది. దీన్ని సీవీఐ అంటారు. తేల్చడానికి ఈఈజీ, వీఈపీతో పాటు డాక్టర్ ఎంఆర్ఐ కూడా అడగొచ్చు. పాపను పెట్టెలో ఉంచినప్పటి డిశ్చార్జి కాగితం ఇంట్లో ఎక్కడున్నా వెతికి తీయండి. షుగర్ ఎంతకు పడిపోయింది, ఎన్ని గంటలు అలా ఉంది అన్నది అందులో ఉంటుంది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదట ఆ కాగితమే చూపించండి.

మీ అత్తమ్మ మాటను కొట్టిపారేయను. నిజంగానే కొంతమంది పిల్లలు ఆలస్యంగా చూడడం మొదలుపెడతారు, ఏ మందూ లేకుండానే అందుకుంటారు. కానీ వాళ్లు ఎక్కువగా ఆరు నెలల లోపే చూపు నిలుపుతారు, వాళ్ల పుట్టుకలో ఇలాంటి ఇబ్బందులు ఉండవు. మీ ఆయన సంగతి అది అయ్యుండొచ్చు. మీ పాప సంగతి వేరు. చూసే మెదడు భాగం మొదటి ఏళ్లలోనే వేగంగా రూపు దిద్దుకుంటుంది కాబట్టి ఆగి చూద్దాం అనుకునే ప్రతి నెలా పాపకు నష్టమే.

కంటి డాక్టర్‌ను ఇంకో మాట అడగండి, అద్దాల పవర్ చూశారా అని. ‘కళ్లు బాగున్నాయి’ అంటే చాలాసార్లు లోపలి పొర, నరం బాగున్నాయని అర్థం. ఇలాంటి పిల్లల్లో దగ్గరి వస్తువుల మీద చూపు కుదరకపోవడం, పవర్ ఉండడం మామూలే. ఏడు నెలల పిల్లలకూ అద్దాలు ఇస్తారు. పవర్ ఉంటే వీఈపీ దాకా ఆగకుండా ముందే పెట్టించండి, పరీక్ష కూడా ఆ అద్దాలతోనే చేయాలి.

పరీక్షలయ్యే లోపు ఇంట్లో చేయాల్సింది చాలా ఉంది, ఈ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. టీవీ కట్టేయండి. వెనక నల్లటి చీరో, ముదురు రంగు దుప్పటో ఏ పూలూ లేనిది వేలాడదీయండి. దాని ముందు ఒకే ఒక్క వస్తువు, మెరిసే ఎర్రటి గాజో, పసుపు బంతో, పాపకు జానెడు దూరంలో మెల్లగా కదిలించండి. ఎదురుగా చూడకపోతే కొంచెం పక్కన పెట్టండి, చాలామంది ఇలాంటి పిల్లలు పక్క చూపుతో ముందు పట్టుకుంటారు. మాట్లాడొద్దు, గలగలలాడించొద్దు. చప్పుడు వస్తే వీళ్లు వినడంలో పడి చూడడం ఆపేస్తారు. చూపించి వెంటనే తీసేయకుండా ఆగండి, పాప కళ్లు అటు తిరగడానికి పది, పదిహేను సెకన్లు కూడా పట్టొచ్చు. మీ ముఖం చూపించేటప్పుడు కిటికీ వెలుగు మీ మీద పడేలా కూర్చోండి, మీ వెనక నుంచి కాదు. పెద్ద ఎర్ర బొట్టు పెట్టుకుని దగ్గరికి వచ్చి, తలను అటూ ఇటూ నెమ్మదిగా ఊపండి. పాప చూపు ఆ బొట్టు మీద ఒక్క క్షణం నిలిచినా అదెప్పుడు, ఏ వెలుగులో, ఎంత దూరంలో అని రాసి పెట్టుకోండి. వీఈపీ గీతకు ఉన్నంత విలువ ఆ రాతకూ ఉంది. పాప నీరసంగా ఉన్నప్పుడు, ఆకలితో ఉన్నప్పుడు బలవంతం చేయొద్దు. టార్చిలైటు కంట్లోకి వేయొద్దు. ఫోన్ వైపు చూస్తోంది కదా అని రోజంతా ఫోన్ పెట్టొద్దు.

పరీక్షలు ఎక్కడ అంటే, ఈఈజీ వరంగల్, హనుమకొండల్లోనే అవుతుంది. వీఈపీ మిషన్ న్యూరాలజీ సెంటర్లలో ఉన్నా చాలాచోట్ల పెద్దవాళ్లకే అలవాటు. వెళ్లేముందు ఫోన్ చేసి, ఏడాది లోపు పిల్లలకు చేస్తారా, ఎవరు చదివి రిపోర్టు ఇస్తారు అని అడగండి. తడబడితే హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ లాంటి, పిల్లల కంటి విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లడమే నయం. మీ అంగన్‌వాడీ టీచర్‌తో, ఆశా కార్యకర్తతో కూడా మాట్లాడండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచితంగా పరీక్షించి, పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స, థెరపీ అందించే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపుతారు. మెడ నిలపడం, కూర్చోవడం, చూపు, ఇవన్నీ కలిపి థెరపీ చేయించుకోవడానికి ఆ దారి బాగా పనికొస్తుంది.

రెండు పరీక్షలకూ ముందు రోజు పాపకు తలంటు పోయండి. నూనె, కాటుక వద్దు, నూనె ఉంటే ఎలక్ట్రోడ్లు అంటుకోవు. ఈఈజీకి పాప నిద్రతో తూగుతూ రావాలి, కాబట్టి బస్సులో నిద్రపోనివ్వకండి. వీఈపీకి కడుపునిండా పాలు తాగి, నిద్ర తీరి, హుషారుగా రావాలి. అందుకే రెండూ ఒకే పూట పెట్టించుకోవద్దు. వీఈపీ రోజు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించొద్దు.

గ్రహణం గురించి అడిగారు. గ్రహణం రోజు బయటికి వెళ్లినందుకు ఏ బిడ్డకూ ఇలా కాదు. ఊపిరి, షుగర్, అవే కారణాలు, వాటిలో మీ తప్పు రవ్వంత కూడా లేదు. ఆ బరువు ఇవాళ్టితో దించేయండి.

ఇక పుట్టువెంట్రుకలు. తల గుండుగా ఉన్నా, జుట్టున్నా రికార్డింగ్ వస్తుంది, గుండుగా ఉంటే టెక్నీషియన్‌కు పని ఇంకా తేలిక. కాబట్టి మొక్కుకూ పరీక్షకూ పోటీ లేదు. వేములవాడకు ఎప్పుడు వెళ్లాలో మీ అత్తమ్మనే నిర్ణయించమనండి, ఈఈజీ మాత్రం ఆ ప్రయాణం కంటే ముందే అయిపోవాలి.